అప్లికేషన్ పెట్టే ముందు



మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, కనిగిరి వైపు డిగ్రీ చదివే పిల్లల్ని ‘అయిపోయాక ఏం చేస్తారు?’ అని అడిగితే వచ్చే జవాబులు మనకు కొత్తవి కావు. బీఈడీ, గ్రూప్స్, బ్యాంకు కోచింగు, కానిస్టేబుల్ సెలక్షన్లు. అవేవీ కాకపోతే హైదరాబాదులోనో బెంగళూరులోనో ఏదో ఒక పని. ఈ వరసలో ఎక్కడో ఒకరు గొంతు తగ్గించి ‘జర్నలిజం చేద్దామనుంది సార్’ అంటారు. ఇంకొకరు ఫైన్ ఆర్ట్స్ అంటారు. నాటకం మీద మనసుపడ్డవాళ్లయితే ఇంట్లో పడే తిట్లు గుర్తొచ్చి నోరే విప్పరు. ఇవాళ్టి నా మాటలు ఆ కొద్దిమంది కోసం. పక్కనే కూర్చుని రేడియో వింటున్న వాళ్ల అమ్మానాన్నల కోసం కూడా.

ఈ చదువులు కూడు పెడతాయా లేదా అన్న వాదన నేను పెట్టుకోను. చదవాలని తేల్చుకున్నవాళ్లు ఎక్కడ చదవాలో తేల్చుకోవడం ఎలా అన్నదే ఇవాళ్టి సంగతి. నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. విశ్వవిద్యాలయం పేరు కాసేపు పక్కన పెట్టండి. మీరు చేరబోయే డిపార్ట్‌మెంటు ఆ రెండేళ్లలో మీ చేత ఏం చేయిస్తుందో చూడండి.

పేరు ఎందుకు పక్కన పెట్టమంటున్నానంటే, పేరు వెనకాలే ర్యాంకు వస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులు ప్రకటిస్తోంది. అందులో ఇంజినీరింగుకు, మెడిసిన్‌కు, లాకు, ఫార్మసీకి, మేనేజ్‌మెంటుకు విడివిడిగా జాబితాలున్నాయి. జర్నలిజానికి లేదు. చిత్రకళకు లేదు. నాటకానికి, నాట్యానికి అసలే లేదు. కాబట్టి ‘ఫలానా యూనివర్సిటీకి దేశంలో ఇన్నో ర్యాంకు’ అని ఎవరైనా గొప్పగా చెబితే, ఆ ర్యాంకు కెమిస్ట్రీ ల్యాబుల్లో జరిగిన పరిశోధనల పుణ్యమై ఉండొచ్చు. అదే క్యాంపస్‌లో జర్నలిజం శాఖను ఒక్క రెగ్యులర్ అధ్యాపకుడు, ఇద్దరు ముగ్గురు గెస్టు ఫ్యాకల్టీ నెట్టుకొస్తూ ఉండొచ్చు. న్యాక్ గ్రేడు కూడా సంస్థ మొత్తానికి ఇచ్చేదే. మీరు కూర్చునే గదికి కాదు.

మన పిల్లలు ఎక్కువగా ఆశపడేది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మీద. ఆశపడదగ్గదే. 1974లో అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు ఇంట్లో, గోల్డెన్ త్రెషోల్డ్‌లో మొదలైన విశ్వవిద్యాలయం అది. 1988లో ఆవిడ పేరు మీదే కళలకూ కమ్యూనికేషన్‌కూ కలిపి ఒక స్కూలు పెట్టారు. అక్కడ అందరూ ఎస్‌.ఎన్‌. స్కూల్ అంటారు. నాట్యం, రంగస్థలం, చిత్రకళ, సంగీతం, కమ్యూనికేషన్ అన్నీ ఒక్కచోటే ఉంటాయి. డాక్యుమెంటరీ తీయాలనుకున్న కుర్రాడు సాయంత్రం పక్క శాఖలో నాటకం రిహార్సల్ చూసి రావచ్చు. ‘బోల్ హైదరాబాద్’ అనే కమ్యూనిటీ రేడియో 90.4 మీద ఆ క్యాంపస్ నుంచే వినిపిస్తుంది. మైకు ముందు కూర్చుని తడబడటం, మళ్లీ రికార్డు చేయడం, ఆ తర్వాత కంప్యూటరు మీద ఆ తడబాట్లన్నీ కోసి అతుకు కనపడకుండా కలపడం... ఈ విద్య నోట్సులో దొరికేది కాదు. మన దేశంలో క్యాంపస్ కమ్యూనిటీ రేడియో 2004లో చెన్నై అన్నా యూనివర్సిటీతో మొదలైంది. ఇన్నేళ్లు గడిచాయి కనుక మీరు చూస్తున్న విశ్వవిద్యాలయంలో అలాంటిది ఉందా అని అడగడం అత్యాశేమీ కాదు. ఉంటే, దాన్ని నడిపేది విద్యార్థులా, జీతానికి పెట్టుకున్నవాళ్లా అని రెండో ప్రశ్న కూడా వేయండి.

అక్కడ చేరాలంటే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఎం.ఏ.లకు సీయూఈటీ-పీజీ అనే జాతీయ పరీక్ష రాయాలి. అది ఇంగ్లీషు, హిందీల్లో ఉంటుంది. ఇంటర్ అయినవాళ్లు రాసే సీయూఈటీ-యూజీ మాత్రం తెలుగుతో కలిపి 13 భాషల్లో ఉంది. చిత్రకళ, నాట్యం, రంగస్థలం వైపు వెళ్లేవాళ్లు రాతపరీక్షతో పాటు తమ పని కూడా చూపించగలిగేలా సిద్ధపడాలి. రెండోది, పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. తెలుగు మీడియంలో చదివినవాళ్లు భయపడి మానుకోవద్దు కానీ, భయం లేదని తయారుకాకుండానూ వెళ్లొద్దు. డిగ్రీ రెండో ఏడాది నుంచే రోజూ ఒక ఇంగ్లీషు వార్త చదివి దాన్ని మీ మాటల్లో తిరిగి రాస్తూ పోతే, చేరేనాటికి చాలావరకు కుదుటపడతారు.

ఇప్పుడు మన పడమటి ప్రాంతానికే ప్రత్యేకమైన ఒక మెలిక చెబుతాను. దీన్ని కాస్త జాగ్రత్తగా వినండి. గిద్దలూరు వాళ్లకు ఒంగోలు కంటే నంద్యాల దగ్గర. దిగువమెట్ట దాటి అడవిలోంచి రైలు బయటపడితే నంద్యాలే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవే. కానీ అడ్మిషన్ల లెక్కలో మనం అటువైపు వాళ్లం కాదు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల్లో ప్రకాశం జిల్లా ఆంధ్రా యూనివర్సిటీ లోకల్ ఏరియాలో పడింది. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు ఎస్వీ యూనివర్సిటీ ఏరియాలోకి వెళ్లాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 85 శాతం సీట్లు లోకల్ అభ్యర్థులవి. అంటే గిద్దలూరు అమ్మాయి కడపలో నాన్‌లోకల్, విశాఖపట్నంలో లోకల్! బస్సెక్కి పూట తిరక్కుండా చేరేచోట మిగిలిన 15 శాతంలో పోటీ పడాలి. రాత్రంతా రైల్లో కూర్చుంటే తప్ప చేరలేనిచోట సొంతవాళ్ల కింద లెక్క. రాష్ట్రమంతటికీ ఒకటిగా ఉండే సంస్థలకు ఈ లెక్క వేరు. నోటిఫికేషన్‌లో మీ కోర్సు ఏ కోవలోకి వస్తుందో చూసుకోండి. ఇంకో మాట. మీరు లోకలా కాదా అన్నది మామూలుగా పుట్టిన ఊరిని బట్టి తేలదు, అర్హత పరీక్షకు ముందు వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి తేలుతుంది. అందుకే స్టడీ సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోమనేది.

తెలంగాణ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జర్నలిజం అనగానే మన పెద్దవాళ్లకు ఉస్మానియా గుర్తొస్తుంది. 1954లో అక్కడ జర్నలిజం శాఖ పెట్టారు. తెలుగు పత్రికల్లో పనిచేసిన ఎంతోమంది అక్కడ చదువుకున్నవాళ్లే. అయితే రాష్ట్రం విడిపోయినప్పుడు ఉమ్మడి ప్రవేశాలకు చట్టం ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో తీరిపోయింది. అక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మనకు మునుపటి అవకాశం లేదు. హైదరాబాదులో ఉన్నా కేంద్ర సంస్థలకు ఈ గొడవ లేదు. హెచ్‌సీయూ, ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఈ మూడూ కేంద్రానివే. ఇఫ్లూలో జర్నలిజం ఉంది. ఉర్దూ చదవడం, రాయడం వచ్చిన మన కంభం, మార్కాపురం పిల్లలకు ఉర్దూ విశ్వవిద్యాలయంలోని మాస్ కమ్యూనికేషన్ శాఖ మంచి దారి. మనవాళ్లు దాన్ని ఎందుకో తలచుకోరు.

మన రాష్ట్రంలోకి వద్దాం. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జర్నలిజంతో పాటు రంగస్థల కళలు, లలిత కళలు, సంగీతం కూడా ఉన్నాయి. మనం అక్కడ లోకల్ కనుక దాన్ని దూరమని కొట్టిపారేయకండి. ఇంటికి దగ్గరగా అంటే గుంటూరు దగ్గరి నాగార్జున విశ్వవిద్యాలయం. అక్కడా జర్నలిజం శాఖ ఉంది. మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కితే గుంటూరు ఎంతసేపు! అమ్మాయిల్ని హాస్టల్లో ఉంచడానికి జంకే తల్లిదండ్రులు తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం చూడాలి. 1983లో ఆడపిల్లల కోసమే పెట్టింది. కమ్యూనికేషన్, జర్నలిజం శాఖ ఉంది, సంగీతం, లలిత కళలూ ఉన్నాయి. బొమ్మలు వేసే పిల్లలకు కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్‌కని ప్రత్యేకంగా విశ్వవిద్యాలయం వచ్చింది. దాని బీఎఫ్‌ఏ ప్రవేశానికి ఏడీసెట్ రాయాలి. ఇంటర్ తర్వాత డిజైన్ వైపు వెళ్లాలంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, 2015లో మొదలైంది. దాని పరీక్షలో మార్కుల చదువు కంటే చూపు, ఊహ ఎక్కువ అడుగుతారు.

ఒంగోలు ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం 2022లో వచ్చింది. మన కాలేజీలన్నీ దాని కిందివే. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు రాజకీయ నాయకుడని మాత్రమే మనం చెప్పుకుంటాం కానీ, ఆయన ‘స్వరాజ్య’ పత్రికను ఇంగ్లీషు, తెలుగు, తమిళాల్లో నడిపి ఉన్న ఆస్తంతా దాని కింద పోగొట్టుకున్న సంపాదకుడు. హైదరాబాదులో 1985లో పెట్టిన తెలుగు విశ్వవిద్యాలయానికి ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. ఆయనదీ 1926 నాటి ‘గోలకొండ పత్రిక’. ఇద్దరు పత్రికా సంపాదకుల పేర్లతో రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు విశ్వవిద్యాలయాలు! ప్రకాశం పంతులు పేరుకు తగ్గట్టు ఒంగోలులో గట్టి జర్నలిజం శాఖ ఒకటి నిలబడాలని నేను అడుగుతాను, మీరూ అడగండి. తెలుగు విశ్వవిద్యాలయం శ్రీశైలం పీఠం దోర్నాల ఘాట్ ఎక్కితే వస్తుంది. చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రం చెప్పిన చోటు అది. విభజన లెక్కల్లో ఉన్న పీఠాలు కనుక ఆ ఏటి ప్రవేశాల నోటిఫికేషన్ చూశాకే బయల్దేరండి.

సరే, పేర్లు చాలు. అసలు పని ఇప్పుడు.

విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో మామూలుగా సిలబస్ పీడీఎఫ్ ఉంటుంది. రెండుచోట్లవి దించుకుని, సెల్‌ఫోన్లో కాదు, నెట్ సెంటర్లో ప్రింటు తీయించి పక్కపక్కన పెట్టుకోండి. అందులో ‘రిపోర్టింగ్’ అనే పేపరు ఎక్కడున్నా ఉంటుంది. పేపరు పేరు చూసి సంతోషపడొద్దు, కింద మార్కులు ఎలా పంచారో చూడండి. ఒకచోట 70 మార్కులు మూడు గంటల రాతపరీక్షకు, 30 ఇంటర్నల్స్‌కు అని ఉందనుకోండి. ఆ రాతపరీక్షలో ఏమడుగుతారు? ‘వార్తను నిర్వచించి దాని లక్షణాలు వివరించండి.’ బాగా బట్టీ పట్టినవాడికి 60 దాటుతాయి. వాడిని తీసుకొచ్చి మార్కాపురం పలకల ఫ్యాక్టరీ ముందు దింపి, కూలి పెంచమని పని ఆపేశారు, వార్త రాయి అంటే ఏం చేస్తాడు? యజమాని చెప్పింది రాసుకుని వచ్చేస్తాడు. ఇంకొకచోట అదే పేపరుకు సెమిస్టరులో ఇన్ని వార్తలు బయట తిరిగి రాయాలి, ల్యాబ్ జర్నల్ అనే పత్రిక తేవాలి, దానికే సగం మార్కులు అని ఉంటుంది. అక్కడ చదివినవాడు కూలీలతో మాట్లాడతాడు, యజమానితో మాట్లాడతాడు, లేబరాఫీసుకు వెళ్లి పాత ఒప్పందం కాగితం అడుగుతాడు, పలకల పొడి పీల్చినవాళ్ల ఊపిరితిత్తుల గురించి డాక్టర్ని కూడా కదిలిస్తాడు. ఇద్దరికీ చివర్లో ఇచ్చేది ఒకే రకం పట్టా. పని మాత్రం ఒకటి కాదు.

ఆ ల్యాబ్ జర్నల్ పాత సంచికలు చూపించమని అడగండి. తెస్తున్నవాళ్లు సంతోషంగా చూపిస్తారు. ‘ఈ ఏడు ఇంకా వేయలేదండీ’ అంటే, పోయిన ఏటిది చూపించమనండి. అదీ లేదంటే మీకు సంగతి అర్థమైపోతుంది. తెలిసిన అమ్మాయి ఒకామె ఒక ప్రైవేటు కాలేజీలో చేరింది, పేరు అనవసరం. బ్రోషర్‌లో గ్రీన్ మ్యాట్ స్టూడియో, మూడు కెమెరాలు, లైట్లు మెరిసిపోతున్నాయి. చదివిన రెండేళ్లలో ఆ గదికి తాళం తీసింది ఇన్‌స్పెక్షన్ వచ్చిన రోజే. కాబట్టి స్టూడియో ఉందా అని అడగొద్దు. తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఆదివారం కెమెరా బయటికి తీసుకెళ్లనిస్తారా అని సీనియర్లను అడగండి.

సీనియర్లు ఎలా దొరుకుతారంటారా? శాఖ పేరు కొట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో వెతకండి, వాళ్ల నాటకాల పోస్టర్లు, చిన్న సినిమాలు పెట్టుకుంటారు. చేసినవాళ్ల పేర్లు కిందే ఉంటాయి. ‘అన్నా, మాది గిద్దలూరు’ అని మెసేజ్ పెడితే జవాబు ఇవ్వనివాళ్లు తక్కువ. రెండో ఏడాది చదువుతున్నవాళ్లనే అడగండి. కొత్తగా చేరినవాళ్లకు ఇంకా అన్నీ ముచ్చటగానే కనపడతాయి.

ఫైన్ ఆర్ట్స్ పిల్లలకు ఒక్క మాట. పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్ మూడూ బీఎఫ్‌ఏలే అయినా దారులు వేరు. మన ఊళ్లలో ఫ్లెక్సీ షాపుల్లో పనిచేసే కుర్రాళ్లను చూడండి. నాయకుడి ఫొటో కత్తిరించి, అను ఫాంట్స్‌లో పేరు కొట్టి, అక్షరానికి నీడ పెట్టి, పావుగంటలో ఫైలు ప్రింటుకు పంపేస్తారు. చేయి అంత తిరిగినవాడు అప్లైడ్ ఆర్ట్‌కు వెళితే అక్షరాల కూర్పు, రంగుల పొంతన, ప్యాకింగు డిజైను, యూనికోడ్ తెలుగు అక్షరాల తయారీ దాకా ఎదగొచ్చు. గోడల మీద బొగ్గుతో బొమ్మలు గీసి తిట్లు తిన్నవాడికి పెయింటింగే నప్పుతుంది. ఎటు వెళ్లినా, సినిమా హీరోల ఫొటోలు చూసి గీసిన బొమ్మలు ఎన్ని తీసుకెళ్లినా లాభం లేదు. తర్లుపాడు సంత, కంభం చెరువు కట్ట, మీ ఇంటి వంటగది... ఎదురుగా కూర్చుని గీసినవి పది ఉంటే చాలు.

తెలుగులోనే వార్తలు రాయాలి, ఉద్యోగం తొందరగా రావాలి అనుకునేవాళ్లకు పెద్ద పత్రికలు నడిపే జర్నలిజం స్కూళ్లున్నాయి. శిక్షణ కాలంలో భృతి ఇస్తారు, నెగ్గితే అక్కడే డెస్కులో పని. అనువాదం, శీర్షిక పెట్టడం, పేజీ కట్టడం అక్కడ నూరిపోసినట్టు విశ్వవిద్యాలయాల్లో నూరిపోయరు. అది నా అభిప్రాయం. కానీ వాళ్లిచ్చేది డిగ్రీ కాదు. రేపు నెట్ రాసి లెక్చరర్ కావాలంటే పీజీ ఉండాల్సిందే. ప్రవేశ ప్రకటనలో ఒప్పందం ఎన్నేళ్లకో, మధ్యలో మానేస్తే ఏం కట్టాలో చదవండి. సంతకం పెట్టే ముందు నాన్నతో కూడా చదివించండి.

డబ్బు లెక్క చూసేటప్పుడు ఫీజొక్కటే చూడొద్దు. సెంట్రల్ యూనివర్సిటీల్లో ఫీజు మామూలుగా ప్రైవేటు వాటితో పోల్చలేనంత తక్కువ. కానీ హాస్టల్ సీటు ఖాయమా, మెస్ బిల్లు ఎంత, కెమెరా సొంతంగా కొనుక్కోవాలా, డాక్యుమెంటరీ ఖర్చు ఎవరిది అన్నవి కలిపితేనే అసలు అంకె వస్తుంది. ప్రైవేటు కాలేజీలో పీజీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని ఎవరో చెప్పారని చేరిపోకండి. ఆ ఏడు జీవోలో ఏముందో చూడండి. ఆ డిగ్రీ ఇచ్చే సంస్థ యూజీసీ గుర్తింపు జాబితాలో ఉందో లేదో ఎలాగూ చూస్తారు. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా కూడా యూజీసీయే ప్రకటిస్తుంది.

జర్నలిజం వైపు చూసేవాళ్లు ఢిల్లీలో 1965లో పెట్టిన ఐఐఎంసీ పేరు విని ఉంటారు. దానికి అమరావతిలో క్యాంపస్ ఉందని ఎవరైనా చెబితే పెట్టె సర్దకండి. అది మహారాష్ట్రలోని అమరావతి.

చివరగా తేదీల సంగతి. మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. డిగ్రీ ఫలితాలు వచ్చాక, మెమోలు చేతికొచ్చాక, అప్పుడు తీరిగ్గా ఎక్కడ చేరదామా అని వెతుకుతారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీపీజీసెట్ 2023 నుంచి 2025 దాకా జూన్‌లో జరిగింది కనుక అది చాలామందికి అందింది. సీయూఈటీ-పీజీ అలా కాదు. 2024లో, 2025లో దాని అప్లికేషన్లు చలికాలంలోనే తీసుకున్నారు, పరీక్షలు మార్చిలో మొదలుపెట్టారు. ఫైనలియర్ చదువుతున్నవాళ్లూ రాయొచ్చు. అంటే సంక్రాంతి సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడే మీరు కూర్చుని అది నింపాలి. ఆధార్‌లో పేరు, టెన్త్ మెమోలో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. తేడా ఉంటే దిద్దించుకోవడానికి రోజులు పడతాయి.